858 టెరాబైట్లకు రెండో ప్రతి లేదు

2025 సెప్టెంబర్ 26 రాత్రి దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో, ఆ దేశ ప్రభుత్వ సర్వర్లను నడిపే నేషనల్ ఇన్ఫర్మేషన్ రిసోర్సెస్ సర్వీస్ భవనం అయిదో అంతస్తులో మంటలు లేచాయి. కరెంటు పోయినప్పుడు సర్వర్లను నిలబెట్టే లిథియం అయాన్ బ్యాటరీలను కింది అంతస్తుకు తరలించే పని జరుగుతుండగా ఒక బ్యాటరీ అంటుకుంది. లిథియం మంట ఒక పట్టాన లొంగదు. చుట్టూ సర్వర్లున్న గదిలో నీళ్లు ధారగా కొట్టడానికీ వెనకాడాల్సి వచ్చింది. పూర్తిగా ఆరేసరికి దాదాపు 22 గంటలు పట్టింది. ఆగిపోయిన ప్రభుత్వ వ్యవస్థలు తొలి లెక్కలో 647 అన్నారు, తర్వాత సరిచూసుకుని 709 అని తేల్చారు.

వాటిలో ఎక్కువ భాగం మెల్లగా కోలుకున్నాయి. కోలుకోనిది జీ-డ్రైవ్ అనే క్లౌడ్ నిల్వ. సుమారు 7.5 లక్షల మంది ప్రభుత్వోద్యోగులకు తలా 30 గిగాబైట్ల చోటు ఇచ్చి, ఆఫీసు పత్రాలను ఎవరి కంప్యూటర్లో వాళ్లు ఉంచుకోకుండా అందులోనే పెట్టుకోమని ప్రభుత్వమే చెప్పింది. ఆ మాట విని అన్నిటినీ అందులోనే పెట్టుకున్న శాఖలు ఎక్కువగా నష్టపోయాయి. పోయిన డేటా 858 టెరాబైట్లు. దానికి ఆ భవనం బయట రెండో ప్రతి లేదు. పరిమాణం చాలా పెద్దదని, వాడిన నిల్వ యంత్రాల తీరు వల్ల బయట బ్యాకప్ పెట్టడం సాధ్యపడలేదని అధికారులు వివరణ ఇచ్చారు.

ఈ ‘చాలా పెద్దది’ అన్న మాటను లెక్కగట్టి చూడాలి. పెద్ద సంస్థలు బ్యాకప్ కోసం ఇప్పటికీ అయస్కాంత టేపులు వాడుతున్నాయి. 2021లో వచ్చిన ఎల్‌టీవో-9 రకం టేపు అరచేతిలో పట్టేంత పెట్టె. దానిలో అరంగుళం వెడల్పున ఒక కిలోమీటరు పైచిలుకు పొడవైన టేపు చుట్టి ఉంటుంది. ఒక్కో దానిలో కుదించని డేటా 18 టెరాబైట్లు పడుతుంది. 858ని 18తో భాగిస్తే 48 టేపులు. ఒక అల్మారా అరలో పట్టేస్తాయి. రాసే వేగం సెకనుకు 400 మెగాబైట్లు కాబట్టి, ఒకే డ్రైవ్ మీద మొత్తం రాయడానికి 25 రోజులు, నాలుగు డ్రైవ్‌లు పెడితే వారం లోపు. ఆ మొదటి విడత తర్వాత ప్రతి రాత్రీ రాయాల్సింది ఆ రోజు మారినంత మేరకే.

అంతమంది రోజూ వాడుతున్న నిల్వలోంచి అంత డేటాను చదవడం తేలికని నేననను. చదివే కొద్దీ వాడేవాళ్లకు వేగం తగ్గుతుంది, పాత యంత్రాలైతే మరీను. కానీ సరిగ్గా ఆ కష్టాన్ని తీర్చడానికే గత పాతికేళ్లలో ఒక పరిశ్రమ ఎదిగింది. కామ్‌వాల్ట్, వీమ్, రూబ్రిక్, కొహేసిటీ లాంటి కంపెనీలన్నీ ఆ పనిలోనే ఉన్నాయి. కామ్‌వాల్ట్ ఇంజినీర్లలో కొందరు మన హైదరాబాద్‌లోనే పనిచేస్తారు. వాళ్లు కట్టిన సాఫ్ట్‌వేర్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే, బ్యాకప్ అంటే ఫైళ్ల నకళ్లు తీసి పెట్టుకోవడం అనే భ్రమ తొలగిపోతుంది. బ్యాకప్ అంటే ఫలానా రోజు ఫలానా గంటకు సంస్థ ఎలా ఉందో ఆ స్థితికి మళ్లీ వెళ్లగలగడం. వెళ్లి చూసుకోని సంస్థకు బ్యాకప్ ఉందంటే నేను ఒప్పుకోను.

మొదటి చిక్కు, నకలు తీయాల్సిన వస్తువు కదలకుండా కూర్చోదు. ఒక బ్యాంకు డేటాబేస్ సంగతే చూడండి. సాఫ్ట్‌వేర్ దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవడానికి గంట పడుతుందనుకుందాం. ఆ గంట మొదట్లో రామారావు ఖాతా ఉన్న భాగాన్ని చదివింది. అరగంట తర్వాత రామారావు తన ఖాతాలోంచి సీతమ్మ ఖాతాకు 10,000 రూపాయలు పంపాడు. గంట చివర్లో సీతమ్మ ఖాతా ఉన్న భాగాన్ని చదివింది. ఇప్పుడు ఆ నకలులో రామారావు డబ్బు తగ్గలేదు, సీతమ్మ డబ్బు పెరిగింది. లేని పదివేలు పుట్టుకొచ్చాయి. ఫైలు చెక్కుచెదరకుండా ఉన్నా ఆ లెక్క ఏ క్షణానికీ నిజం కాదు.

దీనికి విరుగుడు స్నాప్‌షాట్. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ముందుగా డేటాబేస్‌కు కబురు పెడుతుంది: చేతిలో ఉన్న పని ముగించు, మెమరీలో ఉన్నదంతా డిస్క్ మీదికి దించు, కొద్ది సెకన్లు ఆగు. ఆ కొద్ది సెకన్లలో డిస్క్ ఆ క్షణపు స్థితిని గుర్తుపెట్టుకుంటుంది. గుర్తుపెట్టుకోవడమంటే అంతా అచ్చు తీయడం కాదు, ఇక మీదట ఏ బ్లాకు మారబోయినా దాని పాత రూపాన్ని పక్కన దాచి ఉంచడం. తర్వాత డేటాబేస్ తన పని తాను చేసుకుపోతుంది. బ్యాకప్ మాత్రం ఆ ఆగిన క్షణాన్ని తాపీగా, గంట సేపైనా, చదువుకుంటుంది. విండోస్ సర్వర్లలో ఈ ఏర్పాటు 2003 నుంచీ ఉంది.

రాత్రి రెండింటికి స్నాప్‌షాట్ తీశాం, మధ్యాహ్నం మూడింటికి డిస్క్ పాడైంది. మధ్యలో జరిగిన లావాదేవీల మాటేమిటి? మన పాత వర్తకుల దగ్గర చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. ఏ బేరం జరిగినా జరిగిన వరుసలో ముందు చిట్టాలో పడేది, తర్వాత ఎవరి ఖాతాకు వాళ్లది ఆవర్జాలోకి ఎక్కేది. ఆవర్జా తడిసి పాడైనా, నెల మొదటి నిల్వలూ అప్పటి నుంచీ రాసిన చిట్టా ఉంటే గుమాస్తా కూర్చుని మళ్లీ కట్టగలడు. డేటాబేస్‌లలో లావాదేవీల లాగ్ చేసేది అచ్చంగా ఇదే. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రాత్రికొక పూర్తి ప్రతీ, పగలంతా పది పదిహేను నిమిషాలకొకసారి లాగ్ ముక్కా తీసుకుంటుంది. అవసరం పడ్డప్పుడు పాత ప్రతిని నిలబెట్టి, లాగ్‌ను వరుసగా దాని మీద నడిపించి, మధ్యాహ్నం 2 గంటల 54 నిమిషాల దగ్గర ఆపమంటే అక్కడ ఆపుతుంది. ఎవరో పొరపాటున ఒక పట్టికను చెరిపింది 2 గంటల 55 నిమిషాలకైతే, ఆ ఒక్క నిమిషం తేడాలోనే సంస్థ బతుకుతుంది.

రెండో చిక్కు పరిమాణం. ప్రతి రాత్రీ అంతా చదవడం కుదరదు. ఇప్పుడు సర్వర్లు చాలావరకు వర్చువల్ యంత్రాలు, అంటే ఒక పెద్ద యంత్రంలో సాఫ్ట్‌వేర్‌తో అల్లిన చిన్న యంత్రాలు. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్‌కు ఏ బ్లాకు ఎప్పుడు మారిందో ఎలాగూ తెలుసు. వీఎంవేర్ 2009లో ఆ జాబితాను బ్యాకప్ కంపెనీలకు అందించడం మొదలుపెట్టింది. దాంతో పది టెరాబైట్ల యంత్రంలో రాత్రికి మారిన యాభై గిగాబైట్లను మాత్రమే చదివితే సరిపోయింది. పాత పూర్తి ప్రతికి ఈ మార్పులను కలిపి, మూల యంత్రాన్ని మళ్లీ తాకకుండానే, బ్యాకప్ సర్వర్ తన దగ్గరే కొత్త పూర్తి ప్రతిని కుట్టుకుంటుంది.

ఇక నాకు అన్నిటికన్నా ముచ్చటైన భాగం, ఒకే సమాచారాన్ని రెండుసార్లు దాచకుండా చూసే డెడూప్లికేషన్. ఒక ఆఫీసులో అయిదు మెగాబైట్ల సర్క్యులర్‌ను 400 మందికి మెయిల్ చేస్తే రెండు గిగాబైట్లవుతుంది. నిజానికి అక్కడున్నది అయిదు మెగాబైట్లే. వెయ్యి కంప్యూటర్లలో ఉన్నది ఒకే విండోస్. కాబట్టి డేటాను ముక్కలు చేసి, ఈ ముక్కను ఇంతకుముందు ఎక్కడైనా చూశామా అని అడిగి, చూసి ఉంటే దాని గుర్తును మాత్రం రాసుకుంటే చాలు.

ముక్కలు ఎక్కడ కోయాలన్నదే కీలకం. ప్రతి ఎనిమిది కిలోబైట్లకొక కోత పెడితే, ఎవరైనా పత్రం మొదట్లో ఒక్క అక్షరం చేర్చగానే తర్వాతి కోతలన్నీ ఒక అక్షరం జరిగిపోతాయి. పాత ముక్క ఒక్కటీ సరిపోలదు. 2001లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు, తక్కువ వేగపు లైన్ల మీద పనిచేసే ఒక ఫైల్ వ్యవస్థ కోసం, దీనికి అందమైన దారి చూపించారు. కోత ఎక్కడ పెట్టాలో డేటానే చెప్పాలి. 48 బైట్ల కిటికీ ఒకదాన్ని డేటా వెంబడి ఒక్కో బైటే జరుపుతూ, కిటికీలో కనిపించినదానికి ఒక సంఖ్య కడతారు. మైకేల్ రాబిన్ 1981లో ఇచ్చిన గణితం వల్ల, కిటికీ ఒక బైటు జరిగినప్పుడు ఆ సంఖ్యను మొదటి నుంచి కట్టనక్కర్లేదు, కొద్దిగా సవరిస్తే చాలు. ఆ సంఖ్యలో చివరి 13 బిట్లు ముందుగా అనుకున్న విలువకు సరిపోయిన ప్రతిచోటా కోత. 13 బిట్లు అలా కలిసిరావడం సగటున 8,192 స్థానాలకొకసారి జరుగుతుంది, అంటే సగటు ముక్క ఎనిమిది కిలోబైట్లు. పత్రం మొదట్లో పేరా చేర్చినా, ఆ పేరా దాటగానే కోతలు మళ్లీ పాత చోట్లలోనే పడతాయి. మారిన ముక్క ఒకటో రెండో, మిగతావన్నీ పాతవే.

ప్రతి ముక్కకూ ఒక హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి సంఖ్య కడతారు. 2002లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన షాన్ క్విన్లాన్, షాన్ డోర్వర్డ్ తమ వెంటి అనే నిల్వ వ్యవస్థలో ఆ సంఖ్యనే ముక్క చిరునామాగా పెట్టారు. దీంతో ఒక అదనపు గుణం వచ్చింది. ముక్కలో ఒక్క బిట్ మారినా చిరునామా మారిపోతుంది కాబట్టి, ఒకసారి రాసినదాన్ని ఎవరూ కనపడకుండా దిద్దలేరు. అప్పట్లో వాడిన షా-1 పద్ధతిలో వేర్వేరు ఫైళ్లకు ఒకే హ్యాష్ వచ్చేలా చేయొచ్చని 2017లో నిరూపించారు. ఇప్పుడు ఎక్కువగా 256 బిట్ల హ్యాష్‌లు వాడుతున్నారు.

ఈ పొదుపుకు ఒక వెల ఉంది. వెయ్యి యంత్రాలు పంచుకుంటున్న ముక్క ఒకటి చెడిపోతే వెయ్యి బ్యాకప్‌లూ చెడతాయి. అందుకే మంచి సాఫ్ట్‌వేర్ తన నిల్వను తానే పదేపదే చదువుకుని, హ్యాష్ మళ్లీ కట్టి సరిచూసుకుంటుంది. ఏ ముక్క ఏ ఫైలుదో చెప్పే జాబితాకూ విడిగా ప్రతి ఉండాలి. అది పోతే మిగిలేది అర్థం లేని ముక్కల కుప్ప. మరొకవైపు, ఈ పద్ధతి అనుకోకుండా కాపలా కూడా కాస్తుంది. ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే రహస్య సంకేతాలతో తాళం వేసిన డేటా గణితపరంగా చిందరవందరగా ఉంటుంది, పాత ముక్కలతో ఒక్కటీ కలవదు, కుదించినా కుదించుకుపోదు. నిన్నటి దాకా రాత్రికి యాభై గిగాబైట్లు పెరిగే నిల్వ ఇవాళ ఒక్కసారి రెండు టెరాబైట్లు పెరిగిందంటే, ఎవరో సంస్థ ఫైళ్లకు తాళం వేస్తున్నారని అనుమానించాలి. ఇలా తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ దాడిని బ్యాకప్ సాఫ్ట్‌వేరే ముందుగా పసిగట్టే సందర్భాలు ఇలా వస్తాయి.

ఇంత తెలివైన యంత్రాంగం ఉండి కూడా సంస్థలు ఎలా మునుగుతాయి? నాకు తెలిసినంతలో దీనికి అన్నిటికన్నా నిజాయితీ గల జవాబు గిట్‌ల్యాబ్ ఇచ్చింది. లక్షలాది ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే ఆ కంపెనీలో 2017 జనవరి 31 రాత్రి ప్రధాన డేటాబేస్ మీద భారం పెరిగి, దాని మార్పులను ఎప్పటికప్పుడు నకలు చేసుకునే జంట సర్వర్ వెనకబడిపోయింది. జంటను మొదటి నుంచి నింపుదామని ఒక ఇంజినీరు దానిలోని పాత ఫోల్డర్‌ను చెరిపే ఆదేశం ఇచ్చాడు. ఆ ఆదేశం వెళ్లింది ప్రధాన సర్వర్‌కు. ఒకటి రెండు సెకన్లలోనే గ్రహించి ఆపాడు. అప్పటికి 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర.

అప్పుడు బ్యాకప్‌ల కోసం వెతికారు. రోజూ తీస్తున్నామనుకున్న డేటాబేస్ ప్రతులు నిల్వలో లేవు. ప్రతి తీసే ప్రోగ్రాం 9.2 వెర్షన్‌ది, డేటాబేస్ 9.6ది. రెండిటికీ పొసగక అది మొదటి అడుగులోనే ఆగిపోతూ వచ్చింది. ఆగిపోయిన ప్రతిసారీ హెచ్చరిక మెయిల్ పంపింది కూడా. ఆ మెయిళ్లకు సరైన సంతకం లేదని మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. క్లౌడ్‌లో తీయగల డిస్క్ స్నాప్‌షాట్‌లు డేటాబేస్ సర్వర్లకు పెట్టనే లేదు. అయిదు ఏర్పాట్లున్నా ఏదీ నమ్మకంగా పనికి రాలేదు. చివరికి, అదే ఇంజినీరు వేరే పరీక్ష కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి దొరికి గట్టెక్కారు. ఆ ఆరు గంటల్లోని సుమారు 5,000 ప్రాజెక్టుల మార్పులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు పోయాయి. మరమ్మతు జరుగుతున్నంత సేపూ యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. తర్వాత రాసిన నివేదికలో అసలు కారణం కూడా దాచలేదు: బ్యాకప్‌లు పనిచేస్తున్నాయో లేదో చూడడం ఎవరి బాధ్యతా కాదు. ఆ నివేదికను ప్రతి సంస్థలోనూ కంప్యూటర్ విభాగం వాళ్లు కూర్చుని చదవాలని నా కోరిక.

జంట సర్వర్ ఉంది కదా, ఇక బ్యాకప్ ఎందుకు అన్న ఆలోచన ఎంత ప్రమాదమో మెర్స్క్ కథ చెబుతుంది. ప్రపంచంలో అతిపెద్ద ఓడ రవాణా కంపెనీల్లో ఒకటైన మెర్స్క్ మీద 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే దాడి ప్రోగ్రాం విరుచుకుపడింది. ఆ కంపెనీలో ఎవరు ఎవరో, ఎవరికి ఏ అనుమతి ఉందో చెప్పే డొమైన్ కంట్రోలర్లు 150 దాకా ఉండేవి. అవి ఎప్పటికప్పుడు ఒకదాన్ని చూసి ఒకటి సరిచేసుకుంటాయి. ఏ ఒక్కటి పోయినా మిగతావి ఉన్నాయన్న ధైర్యం. అన్నీ ఒకేసారి పోతే అన్న ఆలోచన లేదు. మామూలు సర్వర్ల బ్యాకప్‌లు మూడు నుంచి ఏడు రోజుల పాతవి దొరికాయి. డొమైన్ కంట్రోలర్ ప్రతి మాత్రం ఎక్కడా దొరకలేదు. అది లేకుండా మిగతావి లేచి నిలబడలేవు.

ఒక్కటి మిగిలింది. ఘనాలోని ఆఫీసులో దాడి వేళకు కరెంటు లేదు. యంత్రం ఆగిపోయి ఉంది కాబట్టి దాని డేటా క్షేమం. అక్కడి ఇంటర్నెట్ వేగంతో కొన్ని వందల గిగాబైట్లు ఇంగ్లండ్‌కు పంపాలంటే రోజులు పడుతుంది. అక్కడి సిబ్బందికి బ్రిటన్ వీసా లేదు. ఒకరు నైజీరియా దాకా వచ్చి హార్డ్ డిస్క్‌ను మరొకరి చేతికిస్తే, వాళ్లు విమానంలో ఇంగ్లండ్‌లోని మెయిడెన్‌హెడ్‌కు చేర్చారు. పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ నిలబెట్టామని కంపెనీ అప్పటి చైర్మన్ జిమ్ హాగెమన్ స్నాబె 2018లో దావోస్‌లో చెప్పారు. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లు. ఘనాలో ఆ పూట కరెంటు ఉండి ఉంటే ఎంతయ్యేదో ఊహించడం కష్టం.

జంట యంత్రం మంచినీ చెడునూ ఒకే వేగంతో అందుకుంటుంది. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల 0.02 శాతం జీమెయిల్ ఖాతాల్లో మెయిళ్లు మాయమయ్యాయి. గూగుల్ వాటిని వేర్వేరు డేటా సెంటర్లలో ఎన్నో ప్రతులుగా ఉంచినా, లోపం ఆ ప్రతులకూ పాకింది. తిరిగి వచ్చినవి టేపుల నుంచి. డ్రైవ్‌లోంచి తీసి అరలో పెట్టిన టేపును ఏ ప్రోగ్రామూ చేరలేదు. 1950ల నుంచి వస్తున్న ఆ సాధనాన్ని ఇవాళ్టికీ పెద్ద సంస్థలు వదలకపోవడానికి చవక ఒక కారణమైతే, ఈ చేరలేకపోవడం అంతకన్నా పెద్ద కారణం.

రాన్సమ్‌వేర్ ముఠాలకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. సంస్థలోకి చొరబడ్డాక వారాల తరబడి చప్పుడు చేయకుండా ఉండి, మొదట బ్యాకప్ సర్వర్ ఎక్కడుందో, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ ఏమిటో వెతుకుతారు. బ్యాకప్‌లు చెరిపేశాకే ఫైళ్లకు తాళం వేస్తారు. ఇతర సర్వర్ల పాస్‌వర్డ్‌తోనే బ్యాకప్ సర్వర్ కూడా తెరుచుకునే చోట వాళ్ల పని ఇట్టే అయిపోతుంది. దీనికి జవాబుగా వచ్చిందే మార్చలేని నిల్వ. ఈ ప్రతి 30 రోజుల దాకా ఉండాలి అని ఒకసారి నిర్ణయిస్తే, ఆ గడువు తీరేదాకా అడ్మినిస్ట్రేటర్ కూడా చెరపలేడు. అమెజాన్ తన క్లౌడ్ నిల్వలో ఈ తాళాన్ని 2018లో పెట్టింది. గడియారాన్ని ముందుకు తిప్పి గడువు తీరినట్టు నమ్మించే ఎత్తుగడలకు కూడా లొంగకుండా ఈ వ్యవస్థలను కట్టాలి. గడువు తగ్గించడం లాంటి పెద్ద మార్పులకు ఇద్దరు అధికారుల అనుమతి తప్పనిసరి చేసే ఏర్పాటూ ఉంది.

మన దేశంలో 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద జరిగిన దాడి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఓపీ చీట్లు, ల్యాబ్ రిపోర్టులు, బిల్లులు అన్నీ దాదాపు రెండు వారాలు చేత్తో రాయాల్సి వచ్చింది. అయిదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల డేటాకు దుండగులు తాళం వేశారని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. దాడి సోకని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి ఈ-హాస్పిటల్ డేటా మొత్తాన్ని కొత్త సర్వర్లలోకి తెచ్చామని కూడా చెప్పింది. రోగుల చరిత్ర పోలేదు. అది ఎంత పెద్ద మేలో ఆ ఆస్పత్రి వరండాల్లో బారులు తీరే జనాన్ని చూసినవాళ్లకు తెలుస్తుంది. డేటా చేతిలో ఉన్నా అన్ని రోజులు ఎందుకు పట్టిందంటే, వేల కంప్యూటర్లలో దాడి జాడలు లేవని తేల్చుకోకుండా మళ్లీ కలపకూడదు. కలిపితే మళ్లీ మొదటికొస్తుంది.

చొరబాటుదారు వారాల ముందే వచ్చి కూర్చుంటాడు కాబట్టి నిన్నటి ప్రతి ఒక్కటే చాలదు. పాతవీ ఉంచుకోవాలి. పరిశ్రమలో దీన్ని తాత-తండ్రి-కొడుకు పద్ధతి అంటారు: రోజువారీ ప్రతులు రెండు వారాలు, వారం ప్రతులు కొన్ని నెలలు, నెల ప్రతులు ఏడాదో అంతకు మించో. ఎంతకాలం అన్నది సంస్థను బట్టి, చట్టాన్ని బట్టి మారుతుంది.

ప్రతులు ఎన్ని, ఎక్కడ అన్నదానికి బాగా ప్రచారంలో ఉన్న సూత్రం 3-2-1. దాన్ని చెప్పింది కంప్యూటర్ ఇంజినీరు కాదు, పీటర్ క్రో అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్. డిజిటల్ ఫొటోలు భద్రపరచడం గురించి ఆయన రాసిన పుస్తకం నుంచి అది లోకమంతా పాకింది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. ఆ మూడో అంకెను తేలిగ్గా తీసుకున్నవాళ్లకు 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో దెబ్బ తగిలింది. ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. డబ్బు కట్టి బ్యాకప్ తీసుకున్న కొందరు ఖాతాదారుల ప్రతులు కూడా అదే భవనంలో ఉన్నాయి. వాళ్లు కోర్టుకెక్కితే 2023లో లిల్ నగర వాణిజ్య న్యాయస్థానం కంపెనీదే తప్పంది.

చోటు విషయంలో మన రెండు తెలుగు రాష్ట్రాలకూ పాత్ర ఉంది. భూకంపాల బెడద తక్కువైన, తుపాన్లకు దూరంగా ఉన్న దక్కన్ పీఠభూమి మీద హైదరాబాద్ ఉండడం రెండో ప్రతికి మంచి అనుకూలత. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ జాతీయ డేటా కేంద్రాలు ఢిల్లీ, పుణె, భువనేశ్వర్‌లతో పాటు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేవు. అలాంటి రోజుల్లో అదే ఊళ్లో ఇంకో వీధిలో ఉంచిన బ్యాకప్ ఉన్నా అందదు. ఇప్పుడు అదే విశాఖలో గూగుల్ భారీ డేటా సెంటర్ కడతామని ప్రకటించింది. దానిలో డేటా పెట్టబోయేవాళ్లు తమ రెండో ప్రతి తీరానికి ఎంత దూరంలో ఉంటుందో ఇప్పుడే అడగాలి.

దూరం ఒక్కటే కాదు, ఖాతా కూడా వేరుగా ఉండాలి. 2024 మేలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ పింఛను నిధికి గూగుల్ క్లౌడ్‌లో ఉన్న వ్యవస్థ చెరిగిపోయింది. ఆరు లక్షలమందికి పైగా సభ్యులున్న ఆ సంస్థకు రెండు ప్రాంతాల్లో ప్రతులున్నాయి. కానీ రెండూ గూగుల్ దగ్గర ఒకే ఒప్పందం కింద ఉన్నాయి. ఏర్పాటు చేసేటప్పుడు గూగుల్ సిబ్బంది ఒక గడిని ఖాళీగా వదిలేయడంతో, ఏడాది గడువు దానంతటదే పడి, గడువు తీరగానే వ్యవస్థ దానంతటదే చెరిగింది. మరో కంపెనీ దగ్గర కూడా బ్యాకప్ ఉంచుకోవడం ఆ నిధిని ఆదుకుంది. క్లౌడ్‌లో ఉంది కదా అని నిశ్చింతగా ఉండే ఆఫీసులు మన దగ్గరా తక్కువ లేవు. మనమే చెరిపిన ఫైలును ఆర్నెల్ల తర్వాత తెచ్చిపెట్టమంటే, విడిగా బ్యాకప్ కొనుక్కోకపోతే ఏ క్లౌడ్ కంపెనీకీ ఆ బాధ్యత ఉండదు.

ఎంత ఖర్చు పెట్టాలన్నది చివరికి రెండు అంకెల మీద ఆధారపడుతుంది. ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలం? ఎంతసేపట్లో మళ్లీ లేవాలి? ఆస్పత్రి రిజిస్ట్రేషన్‌కు పావుగంట, పాత జీతాల పట్టికకు రెండు రోజులు. ఈ అంకెలను కంప్యూటర్ విభాగానికి వదిలేయడం తప్పని నా గట్టి అభిప్రాయం. గంట ఆగితే ఏమవుతుందో కౌంటర్లో కూర్చున్నవాళ్లకే తెలుసు.

స్టాక్ మార్కెట్‌కు ఈ అంకెలను దాని నియంత్రణ సంస్థ సెబీయే నిర్ణయించింది. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉదయం 11:40కి ఆగిన లావాదేవీలు మళ్లీ మొదలయ్యేసరికి సాయంత్రం 3:45 అయింది. రెండో కేంద్రం ఉన్నా ఆ రోజు దానికి మారలేదు. మరుసటి నెలలోనే సెబీ నిబంధనలు బిగించింది: సంఘటన జరిగిన అరగంటలో ఆపద ప్రకటించాలి, ప్రకటించిన 45 నిమిషాల్లో రెండో కేంద్రం నుంచి నడవాలి, పోయే డేటా 15 నిమిషాలకు మించకూడదు. 2024 మార్చి 2, శనివారం నాడు ప్రత్యేకంగా మార్కెట్ తెరిచి, మొదటి విడత ప్రధాన కేంద్రం నుంచి, రెండో విడత ప్రత్యామ్నాయ కేంద్రం నుంచి నిజమైన కొనుగోళ్లు, అమ్మకాలు జరిపారు. ఉత్తుత్తి డేటాతో చేసిన కసరత్తుకూ దీనికీ ఎంతో తేడా ఉంది.

అంత స్తోమత లేని సంస్థ, ఒక సహకార బ్యాంకో జిల్లా ఆస్పత్రో, మరో రకంగా చేయొచ్చు. నెలకొకసారి ఒక తేదీని చీటీ తీసి, ఆ రోజు ప్రతిని మిగతా నెట్‌వర్క్‌కు అంటని యంత్రంలో నిలబెట్టడం. ఈ పనిని రాత్రిపూట తనంతట తానే చేసి, యంత్రం లేచిందా, డేటాబేస్ తెరుచుకుందా అని చూసి ఉదయానికి నివేదిక ఇచ్చే సౌకర్యం ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లలో ఉంది. కానీ యంత్రం లేవడంతో సరిపోదు. రోజూ ఆ ప్రోగ్రాం వాడే గుమాస్తాను పిలిచి, ఫలానా ఖాతా తీయి, ఫలానా రోగి రిపోర్టు చూపించు అని అడగాలి. గడియారం పెట్టి ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి.

మొదటిసారి ఇలా చేసినప్పుడు బయటపడేవి దాదాపు ఎక్కడైనా ఒకే రకంగా ఉంటాయి. లైసెన్స్ నంబరు ఆ పోయిన సర్వర్లోనే ఉంటుంది. ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్ తాళంచెవి బదిలీ అయి వెళ్లిన ఉద్యోగి దగ్గర ఉంటుంది. మూలన పెట్టిన పాత కంప్యూటర్ ఒకటి ఏ జాబితాలోనూ లేదని, రోజూ రాత్రి వడ్డీ లెక్క కట్టేది అదేనని తెలుస్తుంది. ఏది ముందు లేవాలి, ఏది తర్వాత అన్న వరుస ఎక్కడా రాసి ఉండదు. లాగిన్‌లు చూసే సర్వర్, తర్వాత డేటాబేస్, ఆ తర్వాతే అప్లికేషన్. ఈ వరుసా, ఫోన్ నంబర్లూ, అర్ధరాత్రి వేళ రిస్టోర్ మొదలుపెట్టమని చెప్పే అధికారం ఎవరిదో ఆ పేరూ కాగితం మీద అచ్చువేసి బీరువాలో ఉంచాలి. కంప్యూటర్లన్నీ ఆగిపోయిన రాత్రి వాటిని కంప్యూటర్లో వెతకలేరు.